బల్బుకు బొట్టు

"ఇదేంది, సంపత్?"

కామారెడ్డిలో కబురు అందగానే రెక్కలు కట్టుకుని ఎల్లారెడ్డిలో వాలిన సంపత్, గర్వంగా డబ్బా విప్పాడు. ప్రొజెక్టర్ బల్బు అద్దం మీద ఇంత పసుపు, దాని మీద ఎర్రగా కుంకుమ.

"మా అవ్వ పెట్టింది. కొత్త సామాను గదా."

కృపాజ్యోతికి ఒళ్లు మండింది. ఊరూరా తెర కట్టి సినిమాలు వేసిన డేవిడ్ కూతురామె. ఇవ్వాళ అమ్మా బాపుల పెళ్లిరోజు. అమ్మ సాలవ్వ పోయి మూడేళ్లు. సాయంత్రం పెళ్లి రీలు వేసి అమ్మను చూపిస్తానని బాపుకు మాటిచ్చింది. పొద్దున పాత బల్బు కాస్తా టప్పుమంది. సంపత్ రిపేరు షాపులో మిగిలింది ఈ ఒక్కటే.

వేలి జిడ్డు అంటినా, వేడెక్కగానే బల్బు అక్కడే పగులుతుందని ఎడాపెడా వాయించింది. బెల్టనీ ఫ్యూజనీ ఆర్నెల్లుగా ఇంటి చుట్టూ తిరిగే మనిషికి ఆ మాత్రం తెలియదా అని అడిగింది. తెలుసని, అయినా అవ్వను ఆపలేకపోయానని అతను గొణిగాడు.

ప్లగ్గు పీకించి, మెత్తటి గుడ్డ, స్పిరిట్ చేతికిచ్చింది. పసుపు జాడ లేకుండా రెండుసార్లు తుడిచి, స్పిరిట్ ఆరేదాకా ఆగి, బల్బును గుడ్డతోనే పట్టుకుని ప్రొజెక్టర్‌లో నిటారుగా కూర్చోబెట్టాడు. చెయ్యి కొంచెం కూడా వణకలేదు. ఆ చేతిని చూస్తుంటే ఆమె కోపం సగం దిగిపోయింది.

"అవ్వను ఎందుకు ఆపలే?"

"ఎవరికిరా ఇది అన్నది. నేను చేసుకోవాలనుకుంటున్న పిల్లకని చెప్పిన. వాళ్లు చర్చికి పోతరని కూడ చెప్పిన. మారు మాట్లాడకుండ పోయి పసుపు కుంకుమ తెచ్చింది. ఎట్ల ఆపుత?"

కృప తలుపులు మూసి, మళ్లీ ప్లగ్గు పెట్టి స్విచ్ వేసింది. ఫ్యాను తిరిగింది, బల్బు వెలిగింది, నిలిచింది. గోడ మీద పెళ్లికూతురు సాలవ్వ సిగ్గుపడుతూ నడిచొచ్చింది. కుర్చీలో డేవిడ్ తువ్వాలతో కళ్లు ఒత్తుకున్నాడు.

కృపకు ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి. సంపత్ పక్కకు జరిగింది.

"నువ్వంటే నాకిష్టమే. ఆదివారం వచ్చి బాపును అడుగు."

"ఆదివారం దాకా ఎందుకు, నేను ఈడనే ఉన్న గద," అన్నాడు డేవిడ్, గోడ మీంచి చూపు తిప్పకుండానే. "పోయి మీ అవ్వను తోల్కరా, పిలగా. రీలు మల్ల మొదటి నుంచి ఏస్త."