ఐదేసిసార్లు వచ్చిన అంకెలు

"నా ప్రోగ్రామ్ అబద్ధం చెబుతోందని అందరి ముందూ అంటారా?"

మీటింగ్ ముగిసి అందరూ వెళ్ళాక, గది తలుపు మూసుకోకముందే ఆమె విరుచుకుపడింది. డేటాబేస్ వేగాన్ని కొలిచే బెంచ్‌మార్క్ ప్రోగ్రామ్ ఆమె రాసింది. ఆ డేటాబేస్‌ను తయారుచేసిన జట్టులో అతనొకడు. రోజుకు నాలుగు ముక్కలు మించి మాట్లాడడని ఆఫీసంతా అతన్ని మౌనస్వామి అంటుంది. ఆ నాలుగూ ఇవాళ తన మీదే ప్రయోగించాడని ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"అబద్ధమనలేదండీ. అవే వరసల అంకెలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయన్నాను."

"రావు! పేకముక్కలు కలిపినట్టు కలుపుతుందది. డేటాబేస్‌లో పది లక్షల వరసలు, ఒక్కోటీ ఒక్కసారే."

"ఓసారి లెక్కపెట్టి చూడండి."

అతని నోరు మూయించడానికే లెక్కపెట్టింది. వచ్చినవి రెండు లక్షల వరసలే, ఒక్కోటీ ఐదేసిసార్లు. మిగతా ఎనిమిది లక్షల మొహం కూడా చూడలేదు తన ప్రోగ్రామ్. వరసల్ని కలపడానికి వాటి నంబరును ఓ సంఖ్యతో హెచ్చవేస్తుందది; పోయిన వారం ఆ సంఖ్యను మార్చింది తనే. ఆ సంఖ్యకూ పది లక్షలకూ ఐదు ఉమ్మడి కారణాంకమని, అందువల్ల ఐదో వంతు వరసలే తిరిగి తిరిగి వస్తాయని తట్టనేలేదు.

తప్పు తనదని తెలిశాక కోపం దిగాలి. దిగలేదు. ఆ మాట ఇంకెవరన్నా అని ఉంటే ఇంత మండేది కాదు.

అప్పుడు తట్టింది. ఐదో వంతు వరసలనే మళ్ళీ మళ్ళీ అడిగితే, అవి చేతికందేలా ఉంటాయి కనుక డేటాబేస్ పరుగులు పెట్టినట్టు కనబడుతుంది. ఈ తప్పు వల్ల మేలు అతని జట్టుకే! రేపే ఆ డేటాబేస్ రిలీజు. ఊరుకుని ఉంటే అందరూ అతన్ని మెచ్చుకునేవాళ్ళు.

అతని సీటు దగ్గరికి వెళ్ళేసరికి అతను పుస్తకాలు అట్టపెట్టెలో సర్దుతున్నాడు.

"ఏంటిది?"

"మా మేనేజర్ వేరే టీమ్‌కి మార్చారు. రిలీజు చెడగొట్టానట."

"ముందే నాకు చెప్పి ఏడవొచ్చుగా!"

"నిన్న మూడుసార్లు మీ సీటు దాకా వచ్చానండీ."

"వచ్చి?"

"మిమ్మల్ని చూస్తే మాట పెగలదు. ఏడాదిగా ఇంతే."

ఆమె పెట్టె లాక్కుంది. అతన్ని వెంటబెట్టుకుని మేనేజర్ గదిలోకి దూసుకెళ్ళింది.

"తప్పు నాది సార్. శిక్ష ఈయనకెందుకు?"

"రేపు రిలీజమ్మా!"

"రేపు దొంగ లెక్క చూపించి, ఎల్లుండి మొహం ఎక్కడ పెట్టుకుంటారు?"

మేనేజర్ గడియారం చూశాడు. "సాయంత్రానికి సరైన లెక్క చూపించండి. తర్వాత చూద్దాం."

ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, పది లక్షలతో ఉమ్మడి కారణాంకం లేని సంఖ్యను పెట్టారు. ఈసారి ప్రతి వరసా ఒక్కసారే వచ్చింది. డేటాబేస్ వేగం మాత్రం సగానికి పడిపోయింది. మేనేజర్ తల పట్టుకుని రిలీజు వాయిదా వేశాడు. "దీన్ని నువ్వే బాగుచెయ్యాలి, ఎక్కడికీ పోకు," అని మౌనస్వామిని పాత సీటుకే పంపాడు.

ఆమె కోపం మాత్రం ఆరలేదు. "ఏడాదా! ఏడాదిపాటు నోట్లో బెల్లం పెట్టుకుని కూర్చున్నావా?"

'మీరు' ఎప్పుడు జారిపోయిందో ఆమెకే తెలియదు. అతను తడబడ్డాడు.

"ఆదివారం మా అమ్మానాన్నల్ని మీ ఇంటికి పంపనా?"

"ముందు నన్ను అడిగావా?"

"మీకు... ఇష్టమేనా?"

"ఇష్టం లేకపోతే ఇంత కోపం ఎందుకొస్తుంది!"

ఆ అరుపుకి చుట్టూ సీట్లలోంచి తలలు లేచాయి. చూస్తే చూడనీ అనుకుందామె.