చచ్చిన చెవిలో పిలుపు

నా కుడి చెవి చచ్చిపోయిన సంగతి మా అమ్మాయి జలీలాకి చెప్పలేదు. చెబితే పిల్లని నా దగ్గర వదలదు. నాలుగేళ్ల మనవరాలు యుమ్నా కూడా లేకపోతే ఈ కెర్కెన్నా దీవిలో నాకు మాట్లాడే దిక్కెవరు? గోడలా, మేకలా?

ఏడేళ్ల కిందట ముక్కు వెనకాల పుండు లేచింది. సముద్రం అవతల స్ఫాక్స్ పట్నం తీసుకెళ్లి, మొహం మీద జల్లెడలాంటి ముసుగు బిగించి, బల్లకి కదలకుండా నొక్కిపెట్టి, ముప్పై మూడు సార్లు కిరణాలు పెట్టారు. పుండు పోయింది, దేవుడి దయ. చెవుల గొడవ ఆ తర్వాత మొదలైంది. ముందు నీళ్లు నిండినట్టు బరువు, తర్వాత చీము, ఆపైన రాత్రీపగలూ జోరీగ మోత.

"ముక్కు వెనక పెట్టిన కిరణం చెవినీ తాకుతుందమ్మా," అన్నాడు డాక్టరు. "చెవి నరం ఏళ్ల తరబడి మెల్లగా పోతుంది. మీకు కుడిది పూర్తిగా పోయింది. ఎడమదానికి సన్నటి శబ్దాలు పోతున్నాయి. పిట్టల అరుపులు, పిల్లల గొంతులు... పోయిన చెవి దానంతటదే ఏదో ఒకటి మోగుతుంటుంది. పట్టించుకోకండి."

చెవి మిషను పెట్టుకోమని ఇచ్చాడు. జలీలా కంట పడుతుందని కుస్కుస్ రవ్వ డబ్బాలో దాచేశాను. పెదాలు చూసి నెట్టుకొచ్చాను. మహా తెలివైనదాన్ని కదా!

ఆ రోజు జులై ఎండ నిప్పులు చెరుగుతోంది. జలీలా రేవులో చేపల షెడ్డుకి బయల్దేరుతూ గుమ్మంలో ఆగింది.

"అమ్మా, మాజిల్ మూత వేసి ఉంచు."

మాజిల్ అంటే వాకిట్లో నేల కింద వాన నీళ్ల తొట్టి.

"నాకు చెప్పొచ్చావా? నిన్ను పెంచిందెవరే?" అన్నాను. గిన్నెలకి రెండు బకెట్లు తోడి, మూత వేశాను. వేశాను, నాకు బాగా గుర్తు.

మధ్యాహ్నం యుమ్నా పడుకోనని మారాం చేసింది. ఇక్కడి పిల్లలందరికీ చెప్పేదే నేనూ చెప్పాను.

"ఈ ఎండలో బయటికెళ్తే మిట్టమధ్యాహ్నం ముసలమ్మ ఎత్తుకుపోతుంది."

"ఆవిడ ఎలా ఉంటుంది?"

"నాలాగే ఉంటుంది. పళ్లుండవు, అంతే. నోర్మూసుకు పడుకో."

దాని పక్కనే చాప మీద వాలాను. దండెం మీద ఎండుతున్న ఆక్టోపస్ నీచువాసన గదంతా కమ్ముకుంది. వీధిలో పురుగు కూడా లేదు. జోరీగ మోత విసిగించి, అటూ ఇటూ దొర్లి, చివరికి ఎడమ చెవి తలగడకి ఆనించి పడుకున్నాను. పిల్లని పక్కన పెట్టుకుని చెయ్యకూడని పని.

మోత ఆగిపోయింది.

"అమ్మమ్మా."

కుడి చెవిలో. ఎంత స్పష్టంగానో... ఏడేళ్లుగా అంత స్పష్టంగా ఏదీ వినలేదు.

డాక్టరు మాట గుర్తొచ్చింది. కళ్లు తెరవలేదు.

"అమ్మమ్మా... నీళ్లల్లో ఉన్నాను..."

చెయ్యి చాపి తడిమాను. చాప ఖాళీ.

వాకిట్లోకి పరుగెత్తాను. నేల కాళ్లని కాల్చేస్తోంది. మాజిల్ మూత పక్కకి జరిగి ఉంది. బోర్లాపడి లోపలికి తల పెట్టాను. చీకటి. పాచి వాసన. ఎడమ చెవి ఒగ్గాను... ఏమీ లేదు. కుడి చెవి తిప్పాను.

"దిగి రా అమ్మమ్మా..."

"వస్తున్నా తల్లీ! వస్తున్నా!"

చేదతాడు చేతికి చుట్టుకుని అంచు మీద కూర్చున్నాను. కాళ్లు లోపలికి వేలాడేశాను. నీళ్లు ఇంకా చాలా కిందికి ఉన్నాయి. అయినా... నా మడమని ఏదో మెత్తగా పట్టుకుంది.

అదే క్షణంలో వెనకనుంచి ఎవరో నా పైట లాగారు.

వెనక్కి పడ్డాను. యుమ్నా! ఒళ్లు పొడిగా ఉంది. మొహం ఎర్రగా కందిపోయింది. నోరు తెరిచి గుక్కపట్టి ఏడుస్తోంది. చప్పుడు మాత్రం లేదు. ఎదురుగా పిల్ల ఏడుస్తున్నా నాకు వినబడలేదు. ఆ క్షణంలో నా బతుకు మీద నాకే అసహ్యం పుట్టింది.

గట్టిగా హత్తుకున్నాను. కాసేపటికి దాని పెదాలు చదివాను.

"ఆక్టోపస్‌లు పట్టే కుండల వెనక దాక్కున్నా. మూత ఆవిడే తీసింది. అచ్చం నీలాగే ఉంది, పళ్లు లేవు. నిన్ను ఎన్నిసార్లు పిలిచానో! నువ్వు పలకలేదు. ఆవిడకి పలికావు."

సాయంత్రం జలీలాకి అంతా చెప్పేశాను, చెవి సంగతితో సహా.

"పిల్ల ప్రాణం కన్నా నీ పంతం ఎక్కువైందా అమ్మా?" అని ఏడ్చింది.

వారం తిరక్కుండా పడవెక్కించి స్ఫాక్స్ తీసుకెళ్లింది. పిల్లనీ వెంటబెట్టుకుంది, ఇక నా దగ్గర వదలదుగా. చప్పుడు రాని చిన్న గదిలో నన్ను ఒక్కదాన్నే కూర్చోబెట్టి, చెవులకి గొట్టాలు తగిలించి, చేతికో బొత్తాం ఇచ్చారు. వినబడినప్పుడల్లా నొక్కాలి.

నొక్కాను. మళ్లీ నొక్కాను. మళ్లీ...

పరీక్ష చేసే కుర్రాడు తలుపు తీసి వంగి, మెల్లగా, పెదాలు కనబడేలా అడిగాడు.

"దేనికమ్మా నొక్కుతున్నారు? నేనింకా ఏ శబ్దమూ పెట్టలేదు."

బొత్తాం మళ్లీ నొక్కాను. కుడి చెవిలో పిలుపు ఆగడంలేదు.

గది అద్దం అవతల జలీలా ఒళ్లో యుమ్నా కూర్చుని ఉంది. చూపు నా మీద లేదు. నా కుడి భుజం వెనక్కి చూస్తూ, కోపంగా, పెదాల మీద వేలు పెట్టింది.

పిలుపు ఆగింది.