వాన రోజు కొట్టిన వార్నిష్

ముందే ఒప్పేసుకుంటున్నాను. ప్రేమకథలో వాన మొదలైందంటే నేను నాలుగు పేజీలు తిప్పేసి, తడిసినవాళ్ళు ఆరాక మళ్ళీ చదివే రకం. అలాంటిదాన్ని ఇప్పుడు వాన ఉన్న కథే చెబుతున్నాను. ఏం చెయ్యను, ఇందులోంచి వాన తీసేస్తే మిగిలేది ఒక పెట్టుడు పళ్ళ సెట్టు.

ఆ పళ్ళతోనే మొదలైంది.

కథానాయిక మా పెద్దమ్మ కూతురు, నాకు అక్క. సాఫ్ట్‌వేర్ టెస్టర్. అంటే పక్కవాళ్ళు చెమటోడ్చి రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టి జీతం తీసుకునే ఉద్యోగం. ఇంటికొచ్చాక కూడా డ్యూటీ దిగదు కాబట్టి అందరం ఇన్‌స్పెక్టర్ అంటాం. అమ్మమ్మకి కొత్తగా కట్టించిన పళ్ళు టిక్కుటిక్కుమంటున్నాయని, వాటిని డబ్బాలో పెట్టుకుని, డాక్టర్ దగ్గరికి కాకుండా వాటిని తయారుచేసిన ల్యాబ్‌కే నేరుగా వెళ్ళిపోయింది.

ల్యాబ్ అంటే ఒక పాత భవనంలో మెట్ల కింద గది. అరల నిండా ప్లాస్టర్ దవడలు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. వాటి మధ్య తెల్లకోటు వేసుకున్న టెక్నీషియన్ ఒకడు కూర్చుని ఉన్నాడు. పళ్ళని వెలుగులో తిప్పి చూశాడు.

"కొరికేటప్పుడా అండీ, మాట్లాడేటప్పుడా?"

"తిట్టేటప్పుడు ఎక్కువ."

"ఎవర్ని తిడతారు?"

"ప్రస్తుతం మిమ్మల్ని."

అతను నవ్వాపుకుని పళ్ళు అరగదీయడం మొదలుపెట్టాడు. ఖాళీగా నిలబడటం ఇన్‌స్పెక్టర్ జాతకంలోనే లేదు. కళ్ళు బల్లంతా వెతికి, ఒక ప్లాస్టర్ దవడ వెనక నిలబడ్డ సైనికుడి దగ్గర ఆగాయి. అరచేయంత పొడుగున్నాడు. బెల్టు బకిల్ మీద గీత కూడా ఉంది. పిల్లల బొమ్మలు కూడా చేస్తారా అని అడిగింది. బొమ్మ కాదండీ, ఫిగర్ అన్నాడతను. ఆ గొంతులో ఎంత గాయం ఉందంటే ఎవరైనా సారీ చెప్పేవాళ్ళు. ఈవిడ మాత్రం, మీ ఫిగర్‌కి రెండు కళ్ళూ చెరో దిక్కు చూస్తున్నాయండీ అంది.

అతను భూతద్దం పెట్టి చూశాడు. నిజమే. ఒక కన్ను తుడిచేసి మళ్ళీ వేశాడు. తప్పు చూపిస్తే వాదించకుండా సరిచేసుకున్న మగవాణ్ణి ఇన్‌స్పెక్టర్ తన సర్వీసులో చూడటం అదే మొదటిసారి.

సరిగ్గా ఆ రోజుల్లోనే అమ్మమ్మ ఒక మాట అంది. తాతయ్య వయసులో ఉన్నప్పుడు పార్కు బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు, ఆదివారం సాయంత్రాలు. ఆయన పోయి చాలా కాలమైంది. మిగిలింది బ్యాండు మొత్తం ఉన్న ఒక్క నలుపు తెలుపు ఫోటో. అందులో ఆయన ముఖం కందిగింజంత, అదీ అలుక్కుపోయింది. అమ్మమ్మ కిటికీ దగ్గర కూర్చుని, "పాట వినిపిస్తోందే. మనిషి ముఖమే రావట్లేదు. ఎంత గుర్తుచేసుకున్నా రావట్లేదు" అంది.

ఏడిస్తే ఓదార్చవచ్చు. అమ్మమ్మ ఏడవలేదు, పోగొట్టుకున్న తాళంచెవి గురించి చెప్పినట్టు చెప్పింది. ఆ రాత్రి మా అక్కకి నిద్రపట్టలేదు. శనివారం ఫోటో పట్టుకుని మళ్ళీ మెట్ల కింద గదికి వెళ్ళింది. అమ్మమ్మ పుట్టినరోజుకి తాతయ్యని చేసివ్వాలి అంది. ముఖం వస్తే చాలు.

అతను ఫోటో చాలాసేపు చూశాడు. నేను ఒక్కణ్ణీ చెయ్యలేను, చెక్కడం నా వంతు, రంగులు మీ వంతు అన్నాడు. నాకు రంగులు రావండీ అంటే, తప్పులు పట్టే కళ్ళకి రంగులు రావడం ఎంతసేపు అన్నాడు.

అలా ప్రతి శనివారం మొదలైంది. డ్రమ్ము వాయించే సైనికుడి విడిభాగాల కిట్టు ఒకటి కొని, డ్రమ్ము పీకేసి, చేతులు మోచేతి దగ్గర కోసి పైకి తిప్పారు. పళ్ళ సెట్లకి వాడే సన్నటి తీగతో క్లారినెట్ మీటలు చేశారు. పాత ముఖం చెక్కేసి దాని మీద పుట్టీతో కొత్త ముఖం కట్టాలి. అచ్చం తాతయ్య పోలికే అని పేరున్న మావయ్యని లాక్కొచ్చి, నోట్లో స్కేలు పెట్టి వాయిస్తున్నట్టు నటించమన్నారు. పాపం పళ్ళ పరీక్షేమో అనుకుని ఆయన చాలాసేపు కదలకుండా కూర్చున్నాడు.

కోటు రంగు దగ్గర ఇంట్లో యుద్ధమే అయింది. పెద్దమ్మ ఎరుపు అంటుంది, మావయ్య మెరూన్ అంటాడు. అమ్మమ్మని అడిగితే గుట్టు రట్టవుతుంది. ఇన్‌స్పెక్టర్ మడతల్లో మెరూన్, వెలుగు పడే చోట ఎరుపు వేసింది. ఇద్దరూ నేనే గెలిచానని ఇప్పటికీ చెప్పుకుంటున్నారు.

కళ్ళు వేసిన రోజు గురించి మాత్రం మా అక్క ఇప్పటికీ చెబుతుంది. మూడే వెంట్రుకలున్న బ్రష్షు, చెయ్యి కదలకూడదని ఊపిరి బిగబట్టింది. చుక్క పెట్టి ఊపిరి వదిలేసరికి పక్కనుంచి ఇంకో ఊపిరి వినిపించింది. అతనూ అంతసేపూ బిగబట్టే ఉన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, చూడనట్టు చూపులు తిప్పుకుని, ప్లాస్టర్ దవడల వంక చూశారు. అన్ని నోళ్ళు తెరుచుకుని చూస్తుంటే ఇంకేం మాట్లాడతారు.

ఆ తర్వాత పని విచిత్రంగా నెమ్మదించింది. భుజం మీది బంగారు తాడు ఆవిడకి నచ్చలేదు, చెరిపేసింది. కాలర్ సరిగ్గా రాలేదని అతను చెక్కేశాడు. తాడు మళ్ళీ, కాలర్ మళ్ళీ. "మీరు" ఎప్పుడు "నువ్వు" అయిందో ఇద్దరికీ తెలీదు. చివరికి వంక పెట్టడానికి ఏమీ మిగలని శనివారం ఒకటి వచ్చేసింది.

మిగిలింది మ్యాట్ వార్నిష్. రంగుల మెరుపు చంపి, చర్మం చర్మంలా, బట్ట బట్టలా కనపడేలా చేసే ఆఖరి స్ప్రే. ల్యాబ్ అంతా ప్లాస్టర్ దుమ్ము, అంటుకుంటుంది, మీ బాల్కనీలో కొట్టుకో అని డబ్బా ఇచ్చాడు. వాన పడుతుంటే మాత్రం ముట్టుకోవద్దు, గాల్లో తేమ లోపల చిక్కుకుని తెల్లగా పొర కడుతుంది అని రెండుసార్లు చెప్పాడు.

"అంతేగా. అయిపోయినట్టే" అందావిడ.

"అయిపోయినట్టే" అన్నాడతను. ఇంకా ఏదో అంటాడని గుమ్మంలో ఆగింది. అతను ఎవరివో పళ్ళు తీసి చూసుకుంటున్నాడు.

ఆ సాయంత్రమే వాన పట్టుకుంది. మర్నాడూ వదల్లేదు. పుట్టినరోజుకి ఇంకా వారం ఉంది. మా అక్క బాల్కనీ తలుపు తెరిచి, చినుకులు చూసి, డబ్బా చూసి, ఒక లెక్క వేసింది. కోటు అంచు దగ్గర కొంచెం తెల్లబడితే చాలు, సరిచేయించడానికి ఇంకో శనివారం దొరుకుతుంది. వేళ్ళతో ముఖం కప్పి స్ప్రే కొట్టింది.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. వార్నిష్ వేళ్ళ సందుల్లోంచి కూడా పోయింది. ఆరేసరికి కోటు పిండిలో పొర్లినట్టుంది. కళ్ళు లేవు, కనుబొమ్మలు లేవు. ఆవిరి పట్టిన కిటికీ వెనక ఎవరో నిలబడినట్టు, తాతయ్య ముఖం మళ్ళీ పోయింది.

సోమవారం ఆఫీసుకి సెలవు చెప్పి, తాతయ్యని పెట్టిన డబ్బా గుండెకి హత్తుకుని, గొడుగు దాని మీద పట్టి తను తడుస్తూ ల్యాబ్‌కి పరిగెత్తింది. డబ్బా తెరిచి చూపించి, వాన వస్తుందనుకోలేదు అంది. అతను ఆమె జుట్టునుంచి కారుతున్న నీళ్ళు చూశాడు, బయటికి చూశాడు.

"శనివారం నుంచి పడుతూనే ఉంది" అన్నాడు.

తేలు కుట్టిన దొంగలా నిలబడి, ఇక లాభం లేదని చెప్పేసింది. "తెలిసే కొట్టాను. అయిపోతే ఇక్కడికి రావడానికి నాకు ఏ కారణం ఉండదు. కొంచెమే పాడవుతుందనుకున్నా."

అతను డబ్బా మూత మూసి, మళ్ళీ తెరిచాడు.

"కాలర్ ఎన్నిసార్లు చెక్కానో గుర్తుందా?"

"నీకు చేతకావట్లేదనుకున్నా."

"మొదటిసారే సరిగ్గా వచ్చింది." ఆమె తలెత్తేలోపే అతని గొంతు మారింది. "కానీ నేను కాలర్ పాడుచేశాను. నువ్వు మీ అమ్మమ్మ అడిగిన ముఖం పాడుచేశావు. ముందు అది చూద్దాం."

ఆ మాటకి ఏడుపొచ్చింది. తప్పు పట్టడం ఆవిడ ఉద్యోగం, పట్టుబడటం అలవాటు లేదు.

దారి ఒక్కటే ఉందన్నాడు. మెరిసే రకం వార్నిష్ బ్రష్షుతో పైన పూస్తే ఒక్కోసారి తెల్లపొర కరిగి కింద రంగు బయటపడుతుంది, ఒక్కోసారి పడదు. పళ్ళు ఆరబెట్టే ఓవెన్ వేసి గది వెచ్చబెట్టాడు. కోటు వీపు మీద ముందు రాసి చూశాడు. మెరూన్ కనిపించింది. ముఖం మాత్రం నువ్వే రాయి అని బ్రష్షు ఆమెకిచ్చాడు.

ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. నుదురు వచ్చింది. కనుబొమ్మ వచ్చింది. మెల్లగా, నిద్రలేస్తున్నట్టు, కళ్ళొచ్చాయి.

ముఖం దక్కింది కానీ ఇప్పుడది నూనె రాసినట్టు మెరుస్తోంది. మెరుపు చంపాలంటే మళ్ళీ మ్యాట్ కొట్టాలి, వాన ఆగలేదు. పుట్టినరోజు దాకా ఆగలేదు. రిజెక్ట్ చెయ్యాల్సిన పీసుని జీవితంలో మొదటిసారి మా అక్కే స్వయంగా అమ్మమ్మ ముందుకి మోసుకొచ్చింది. పక్కన టెక్నీషియన్, ఉతికిన చొక్కాలో, గుమ్మం దాటలేక నిలబడ్డాడు.

అమ్మమ్మ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. కళ్ళజోడు పెట్టుకుంది. అటూ ఇటూ తిప్పి చూస్తూనే ఉంది. పెద్దమ్మ ఉండబట్టలేక, కొంచెం మెరుస్తోంది గానీ బాగానే చేశారు కదమ్మా అంది.

"మెరవక? ఎండలో ఆ మందపాటి కోటు తొడుక్కుని ఊదితే చెమట పట్టదూ?" అంది అమ్మమ్మ, బొమ్మ మీంచి చూపు తిప్పకుండానే. "ఇలాగే ఉండేవాడు. ముఖమంతా తడి. పాట అవగానే దిగొచ్చి నా చేతిరుమాలు అడిగేవాడు. తన రుమాలు జేబులోనే ఉండేది, అంచు కనిపించేది కూడా. అయినా నాదే అడిగేవాడు."

చీర అంచుతో ఆ చిన్న నుదురు మీద నెమ్మదిగా అద్దింది. "ఇదిగో. వచ్చాడు" అంది. ఎవరితో అందో తెలీదు.

మావయ్య గోడ వైపు తిరిగి ముక్కు చీదుకున్నాడు. అమ్మమ్మ కళ్ళు తుడుచుకుని, గుమ్మంలో ఉన్న అతన్ని పిలిచింది.

"రుమాలు సాకుతో ఈ మనిషి రెండేళ్ళు గడిపేశాడు, చెప్పాల్సింది చెప్పకుండా. ఏం బాబూ, నీ సాకేంటి?"

అతను మా అక్క వంక చూశాడు. ఆవిడ నేల వంక చూసింది.

"అన్నీ అయిపోయాయండీ" అన్నాడు.

"అయితే ఉత్తిచేతుల్తోనే అడుగు."

అంతమందిలో, చెవులు ఎర్రబడుతుంటే అడిగాడు. "వచ్చే శనివారం పనేమీ లేదు. చెయ్యడానికి ఫిగర్ లేదు, వెయ్యడానికి రంగు లేదు. నేనొక్కణ్ణే ఉంటాను. వస్తావా?"

వాక్యంలో ఏదైనా తప్పు పడుతుందేమోనని మేమందరం ఎదురుచూశాం.

"వస్తాను" అంది ఇన్‌స్పెక్టర్. "ఆ తర్వాత శనివారం కూడా."

ఆ తర్వాత శనివారాలు లెక్కపెట్టడం మేం మానేశాం. ఈ మధ్యే ఇద్దరి ఇళ్ళవాళ్ళూ కూర్చుని, పెళ్ళి ముహూర్తం పెట్టి, మిగతా వారాలు కూడా వాళ్ళకే ఇచ్చేశారు.

ఇప్పుడు మీరు చెప్పండి. మీ ఇంట్లో అమ్మో, తాతయ్యో, మీరో, ఎవరినో ఇంకొక్కసారి చూడటానికి ఏ పని పాడుచేశారు, ఏ వస్తువు కావాలని మర్చిపోయి వెనక్కి వెళ్ళారు? రాయండి. వాన ఉన్నా పర్వాలేదు, ఈసారి పేజీ తిప్పను.