ఎప్పుడు మొదలవుతుందో తెలియని పాట

ఆ అమ్మాయి మొదటిసారి మా షాపుకి వచ్చినప్పుడు వాన కురుస్తోంది. గొడుగు మాత్రం ఆమె నెత్తిన లేదు. చేతుల్లో ఉన్న ఆంప్లిఫయర్ మీద ఉంది.

"ఎడమ స్పీకర్ పలకట్లేదండీ. పక్క వీధిలో కళ్ళ డాక్టర్ గారి క్లినిక్‌ది. పేషెంట్లకి చుక్కలు వేసి అరగంట కళ్ళు మూయించి కూర్చోబెడతాం కదా, అప్పుడు పెడదామని ఒక పాట చేశాను. దీంతోనే టెస్ట్ చేయండి" అని ఒక పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టి, జడ పిండుకుంటూ వెళ్ళిపోయింది.

వెళ్ళిపోయిందన్నాను గానీ, నా బుర్రలోంచి ఎక్కడికీ వెళ్ళలేదు.

పెదనాన్న షాపులో ఆరేళ్ళుగా నేను రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేస్తున్నాను. దేవుడికి దండం పెట్టుకోకుండా సోల్డరింగ్ ఐరన్ స్విచ్ వేయను. ఆ రోజు కూడా దండం పెట్టుకున్నాకే ఆమె ఇచ్చిన పాట పెట్టాను.

గుయ్‌య్‌య్... మంటూ ఒకటే మోత. ఉండుండి ఎక్కడో దూరంగా 'టింగ్' అని ఒక గంట. గొంతు లేదు, తాళం లేదు.

ఎడమ స్పీకర్‌కి వెళ్ళే వైరు లోపల ఊడింది. అది ఐదు నిమిషాల పని. మోతకే మూడు రోజులు పట్టింది. కండెన్సర్లు రెండు మార్చాను. ఎర్త్ వైరు మార్చాను. మోత కదల్లేదు. "స్వామీ, లోపం ఎక్కడుందో నువ్వే చూపించు" అని మొక్కుకున్నాను. చూపించాడు. వేరే పాట పెడితే సెట్టు శుభ్రంగా పలికింది. లోపం సెట్టులో లేదు, పెన్‌డ్రైవ్‌లోనే ఉంది!

అడగని పని కూడా చేసిపెడితే అమ్మాయి మెచ్చుకుంటుంది కదా అనుకున్నాను. కంప్యూటర్‌లో వేసి మోతంతా పీకేసి, మిగిలిన పాటని అదే పెన్‌డ్రైవ్‌లో ఎక్కించాను. పాతదాని మీదే.

మర్నాడు ఆమె వచ్చింది. మళ్ళీ వాన, మళ్ళీ అదే గొడుగు.

"పాటలో అంత మోత ఉంటే చెప్పరేంటండీ? మొత్తం తీసేశాను" అన్నాను, కాస్త ఛాతీ విరుచుకుని.

"ఏ మోత?"

పాట పెట్టాను. నిశ్శబ్దం. టింగ్. మళ్ళీ నిశ్శబ్దం.

"గుయ్‌మనేది ఏదీ?" అంది, మొహం పాలిపోయి.

"అదేగా తీసేశాను!"

"మెకానిక్ గారూ, పాట అదే."

"పాటా? ఎవరు పాడతారు?"

"ఎవరూ పాడరు."

"మరి ఎప్పుడు మొదలవుతుంది?"

"మొదటి సెకండు నుంచే. యాంబియంట్ మ్యూజిక్ అంటారు, మాటా తాళం లేకుండా వెనకాల అలా మోగుతూ ఉంటుంది. ఎలక్ట్రానిక్."

"ఎలక్ట్రానిక్ అయితే నాకు తెలియకపోవడమేంటండీ? నేను చేసే పనే అది!"

వేరే రోజైతే నవ్వేదేమో. నవ్వలేదు.

"అది మా అమ్మమ్మ కుట్టుమిషన్ చప్పుడు. చూపు తగ్గిపోయాక మిషన్ ఎవరికో ఇచ్చేసింది. ఇచ్చేసే ముందు రోజు రికార్డ్ చేసి పెట్టుకున్నాను. దాన్నే సాగదీసి, నెమ్మది చేసి ఈ పాట కట్టాను. నా కంప్యూటర్ పాడైపోయింది. మిగిలింది ఈ ఒక్క కాపీయే. సాయంత్రం అమ్మమ్మ చెకప్‌కి వస్తోంది. మొదటిసారి వినిపిద్దామనుకున్నా..."

ఆమె పెన్‌డ్రైవ్‌తో సహా ఆంప్లిఫయర్ ఎత్తుకుని వానలోకి వెళ్ళిపోయింది. గొడుగు మా బల్ల మీదే ఉండిపోయింది.

పెదనాన్న కళ్ళజోడు పైనుంచి చూశాడు. "ఒరేయ్, తీసిన పార్టులు ఇచ్చావా?"

మా షాపులో అదొక పద్ధతి. సెట్టులోంచి ఏది తీసినా కవర్లో పెట్టి, పైన రాసి, తిరిగి ఇచ్చేయాలి. "చెడిందని మనం తీస్తాం. నిజంగా చెడిందో లేదో వాళ్ళు చూసుకోవద్దూ?" అంటాడాయన.

"రెండు కండెన్సర్లు, ఒక వైరు..." అంటూ టక్కున ఆగిపోయాను.

తీసిన మోతని అలవాటు కొద్దీ కంప్యూటర్‌లో విడిగా దాచాను!

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. లోపం వెతక్కుండా ఒక చప్పుడుని వినడం నా జన్మలో అదే మొదటిసారి. ఎక్కడికీ వెళ్ళదు, అలాగని ఆగదు. ప్రార్థనలో మాటలన్నీ అయిపోయాక కూడా లేవబుద్ధి కాక కాసేపు కూర్చుంటామే, అచ్చం అలా ఉంది. దీన్ని పాట అనొచ్చా? ఏమో. మరి ఆ కాసేపుని ప్రార్థన అనొచ్చా?

ఏమీ తేలకుండానే సాయంత్రమైంది. మోతని ఇంకో పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, కవర్లో వేసి, గొడుగు పట్టుకుని పరిగెత్తాను. గొడుగు విప్పాలన్న సంగతి క్లినిక్ మెట్ల మీద గుర్తొచ్చింది.

లోపల అమ్మమ్మ గారు కళ్ళు మూసుకుని కూర్చుని ఉన్నారు. అప్పుడే చుక్కలు వేసినట్టున్నారు. ఆ అమ్మాయి నా వైపు చూడకుండానే కవర్ అందుకుంది. దాని మీద నేను రాసింది చదివింది.

'తీసిన పార్టులు: కండెన్సర్లు రెండు, వైరు ఒకటి, మోత ఒకటి.'

"ఈ మోతనీ, మీ పెన్‌డ్రైవ్‌లో మిగిలినదాన్నీ కలిపేస్తే మీ పాట మీకు వచ్చేస్తుంది" అన్నాను రొప్పుతూ.

ఆమె మోత ఒక్కటే పెట్టింది. గది నెమ్మదిగా నిండింది.

అమ్మమ్మ గారి కుడికాలు చిన్నగా కదిలింది. మడమ కిందికి, వేళ్ళు కిందికి, మళ్ళీ మడమ. మిషన్ తొక్కుతున్నట్టే!

"ఇది నా మిషనేనే! ఎవరే అంత నెమ్మదిగా తొక్కుతోంది? దారం తెగిపోతుంది" అన్నారు.

మనవరాలు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. నా వైపు తిరిగి, "మీకు కూడా చుక్కలు వేశారా?" అని గుసగుసగా అడిగింది.

"లేదే."

"మరి కళ్ళలో ఆ నీళ్ళేంటి?"

"అదే అర్థం కావట్లేదండీ."

"పాట అర్థమైందా?"

"అదీ అర్థం కాలేదు."

ఆమె అప్పుడు నవ్వింది. "రేపు ఒకసారి రండి. కుడి స్పీకర్ కూడా పలకట్లేదనిపిస్తోంది."

చెవి ఆనించి చూశాను. "చక్కగా పలుకుతోందిగా?"

"మెకానిక్ గారూ, మీకు నిజంగా ఏదీ అర్థం కాదు."

"ఎవరే ఆ అబ్బాయి?" అన్నారు అమ్మమ్మ గారు.

"నీ మిషన్ మోత పీకేసిన మహానుభావుడు."

"తిరిగి తెచ్చిచ్చాడుగా! అరగంట దాకా కళ్ళు తెరవకూడదన్నావు కదా, నేనేమీ చూడట్లేదులే. మాట్లాడుకోండి."

ఈసారి నాకు అర్థమైంది. ఎప్పుడు మొదలైందో మాత్రం తెలియదు.