ప్రవాహానికి ఎదురొచ్చిన పగులు

ఎమ్మిగనూరులో మే నెల మధ్యాహ్నం. ఎండకు వీధిలో కుక్క కూడా తిరగడం లేదు. ముందుగదిలో ఆడబిడ్డ మమత మగ్గం మీద దుప్పటి నేస్తోంది. లోపలిగదిలో ఉష కంప్యూటర్ ముందు కూర్చుని దక్షిణ ధ్రువ సముద్రాన్ని చూస్తోంది.

అదే ఆమె ఉద్యోగం. ఉపగ్రహం పంపే రాడార్ కొలతల్లో మంచు ఎంత ఎత్తున ఉందో, పగుళ్లలో నీటిమట్టం ఎక్కడుందో చూసి, ఆ తేడాతో మంచు మందం లెక్కకట్టాలి. నీటిమట్టం హెచ్చుతగ్గులను బట్టి ప్రవాహం ఎటు పోతోందో చెప్పాలి. ఆ లెక్కలు నిజమో కాదో మంచుకు తూట్లు పొడిచి చూడటానికి పోయినేడు ఓడలో వెళ్లాడు ఆమె భర్త ఈరేష్. కాళ్ల కింద మంచు పగిలింది. మనిషి దొరకలేదు.

అప్పటినుంచి ఉష పని అయిపోయినా ఆ చోటునే చూస్తూ ఉంటుంది. నీళ్లు అతన్ని ఎటు తీసుకుపోయాయో తెలిస్తే చాలనుకుంది. చుట్టూ మంచు అంతా ప్రవాహంతోపాటు దక్షిణానికి జరుగుతోంది. ఒక్క సన్నని పగులు మాత్రం ఉత్తరానికి వస్తోంది. ప్రవాహానికి ఎదురుగా, మంచును చీల్చుకుంటూ... మనిషి నడిచినంత నెమ్మదిగా.

ఆ మధ్యాహ్నం వచ్చిన కొలతల్లో అది మంచు అంచుదాకా వచ్చేసింది. ఇక ముందున్నది ఉత్త సముద్రం.

ముందుగదిలో మగ్గం ఆగింది.

"వదినా," గొంతు తగ్గించి పిలిచింది మమత. "ఈడ నీళ్లేమన్నా ఒంపినావా?"

గడప దగ్గర నేల తడిగా ఉంది. ఉష వేలు పెట్టింది. చలి సూదిలా గుచ్చుకుంది. ఉప్పు వాసన. సముద్రం పొడ కూడా ఎరగని ఊరది.

తలుపు మీద ఎవరో మెల్లగా తట్టారు.

మమత ఆమె చెయ్యి పట్టుకుంది. "తియ్యొద్దు వదినా."

బయట పళ్లు టకటక కొట్టుకుంటున్న చప్పుడు. తర్వాత అతని గొంతు.

"ఉషా... సలి."

ఉష చెయ్యి విడిపించుకుని గడియ తీసింది. తెల్లగా కాలిపోతున్న వీధి. ఎవరూ లేరు. ఆమె భుజాన్ని రాసుకుంటూ ఏదో చల్లగా లోపలికి వెళ్లింది.

ఆమెకు భయం వేయలేదు. గుండె చెరువైంది. కొత్త దుప్పటి తెచ్చి మంచం మీద పరిచింది. నవారు కిర్రుమని కిందికి దిగింది. ఆమె పక్కనే నేల మీద కూర్చుంది.

"పండుకో," అంది. "శానా దూరం నడిచినావు. నేను యాడికీ పోను."

పొద్దు గుంకేవేళకు గదిలో ఉక్క తిరిగొచ్చింది. అప్పుడు గానీ అతను వెళ్లిపోయాడని ఆమెకు తెలియలేదు. చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

మమత లోపలికొచ్చి లైటు వేసింది. దుప్పటి గడ్డకట్టి చెక్కలా బిగుసుకుపోయి ఉంది. దాని మీద మనిషి పక్కకు తిరిగి పడుకున్న అచ్చు.

"వదినా..." మమత వేలు చూపించింది. "అన్న ఎద కాడ ఈ సిన్న గుంత ఎవురిది?"

ఈరేష్ వార్త వచ్చిన వారంలోనే ఆమెకు కడుపు పోయింది. నెల తప్పిన సంగతి అతనికి చెప్పనే లేదు. మమతకూ చెప్పలేదు.

వంగి ఆ గుంతలో అరచెయ్యి పెట్టింది. దుప్పటంతా మంచుగడ్డ...

అక్కడ మాత్రం వెచ్చగా ఉంది.