నాలుగోవాడి గది

"ఈ ఉంగరం నకిలీది," అంది నిఘా విభాగం పై అధికారి అనురాధ, వెండి ఉంగరాన్ని టేబుల్ మీద ముందుకు జరుపుతూ. "తరుణ్ వేలికున్నది చూసి మనవాళ్ళు చేయించారు. వాడు మన కస్టడీలో క్షేమంగానే ఉన్నాడు. వాడి అక్కకి మాత్రం చచ్చిపోయాడని చెప్పాలి. చెప్పాల్సింది నువ్వు."

ఏజెంట్ ఫల్గుణ ఉంగరాన్ని తిప్పి చూశాడు. అంచున చిన్న సొట్ట కూడా దింపారు. ఆఫీసులో టీ సరిగ్గా కాచేవాడు లేడుగానీ, ఇలాంటి పనులకి పనిమంతులు బాగానే దొరుకుతారు అనుకున్నాడు.

ఆ అక్క బిందుమాధవి. ఒకప్పుడు డిపార్ట్‌మెంట్‌లో ఫల్గుణకి పాఠాలు చెప్పిన మనిషి. ఇప్పుడు రెండు వైపులా జీతం తీసుకుంటూ ఒక విదేశీ ముఠాకి పనిచేస్తోంది. టైడా రిసార్ట్‌లో పర్సనాలిటీ వర్క్‌షాప్ పేరుతో కంపెనీల ఉద్యోగులకి టెస్ట్ పెడుతుంది. ఎవరిది ఏ టైపో తేలితే ఎవర్ని ఎక్కడ నొక్కాలో ముఠాకి తెలుస్తుంది. అలా నొక్కితే లొంగిన రైల్వే ఉద్యోగి ఒకడు ఆ సాయంత్రం అరకు నుంచి దిగే రైల్లో బాంబు పెట్టాడు. ఎక్కడ పెట్టాడో తెలియదు.

"టైడా దాటాక పొడుగు సొరంగం వస్తుంది. రైలు అందులోకి వెళ్ళగానే బిందు చేతి వాచ్ నొక్కుతుంది, బాంబు పేలుతుంది," అంది అనురాధ. " మధ్యలో రైలు ఆపితే అందులో ఉన్న వాళ్ళ మనిషి ఫోన్ చేస్తాడు, వెంటనే నొక్కేస్తుంది."

"షూట్ చేస్తే?"

"కుడి చేతి వేళ్ళు ఎప్పుడూ ఆ వాచ్ మీదే ఉంటాయి. బుల్లెట్ తగిలి బిగుసుకున్నా చాలు. ఆ చెయ్యి తనంతట తాను పక్కకి పోవాలి. ఎలా పోతుందో ఆవిడే నీకు నేర్పింది."

నిజమే, నేర్పింది. మనిషి బుర్రలో నాలుగు ఫంక్షన్లు నలుగురు అన్నదమ్ముల్లా ఉంటాయనేది బిందు. పెద్దవాడిది పెత్తనం. రెండోవాడు చేదోడు. మూడోవాడు ఆటలవాడు. నాలుగోవాడు మొరటు, వాణ్ణి గదిలో పెట్టి గొళ్ళెం వేస్తాం. తట్టుకోలేని దెబ్బ తగిలి పెద్దవాడు కుప్పకూలిన రోజున నాలుగోవాడు తలుపు విరగ్గొట్టుకుని వచ్చి ఇల్లు పీకి పందిరేస్తాడు. బిందులో పెద్దవాడు ఇంట్యూషన్, అంటే జరగబోయేది ముందే పసిగట్టే బుద్ధి. నాలుగోవాడు సెన్సింగ్. రుచి, మత్తు, ఒళ్ళు ఊగడం.

ఫల్గుణ సిమెంటు కంపెనీ హెచ్.ఆర్. మేనేజర్‌గా మీసం అతికించుకుని రిసార్ట్‌కి వెళ్ళాడు. బొంగు చికెన్ కాలుతున్న వాసన. పెరట్లో ఊరివాళ్ళు అత్త అని పిలిచే ముసలి కనక బృందం థింసా ఆటకి డప్పులు వేడి చేసుకుంటోంది. బిందు పొగమంచు రంగు పట్టుచీరలో, కుడి చెయ్యి ఎడమ మణికట్టు మీద వేసుకుని, నవ్వుతూ ఎదురొచ్చింది.

"మీ నాలుగో ఫంక్షన్ ఏది సార్?" అంది. ముఠా కోడ్ అది.

"గొళ్ళెం తీయలేదు."

"జవాబు కరెక్టే. మీసమే కుదర్లేదు ఫల్గుణా. అనురాధ నిన్నే పంపుతుందని అనుకున్నాను."

ఫల్గుణ వేషం తేలిపోయింది. అయినా తెచ్చిన మాట చెప్పేశాడు.

"ఒడిశా సరిహద్దులో, ముంచింగిపుట్టులో నీ కోసం కాసుకుని ఉన్న తరుణ్‌ని పట్టుకున్నాం. చచ్చిపోయాడు."

బిందు పకపకా నవ్వింది. "అబద్ధం. నీ పెద్దవాడు జాలి. మేలు జరుగుతుందంటే వంద అబద్ధాలు ఆడతావు. గుండె కోసే నిజం ఒక్కటి కూడా నీ నోట రాదు."

ఫల్గుణ ఉంగరం ఆమె ఎడమ అరచేతిలో పెట్టాడు.

నవ్వు ఆగిపోయింది. బొటనవేలు సొట్ట మీద ఆగింది. పట్నం చదువు, ట్రైనర్ ఇంగ్లీషు అన్నీ పోయి విజయనగరం యాస బయటికొచ్చింది.

"ఇది బోరింగు పిడి కింద నలిగిన సొట్ట. ఏటి సేసారురా ఆడిని?" కాసేపు ఫల్గుణ ముఖంలోకి చూసింది. "పిచ్చోడా, నీకేమని సెప్పి ఇచ్చిందిరా ఆవిడ?"

ఫల్గుణకి ఆ మాట అర్థం కాలేదు. అడిగే తీరిక కూడా లేదు.

బిందు ఏడవలేదు. ఎవరి చేతిలోదో గ్లాసు లాక్కుని గుటగుటా తాగేసింది. వేడి ముక్క నోరు కాలుతున్నా నమిలింది. డప్పు మోగగానే చెప్పులు విడిచి ఆట వైపు నడిచింది. గొళ్ళెం ఊడింది. కనక పక్కకి జరిగి ఆమెను గొలుసులోకి లాక్కుంది. థింసాలో చేతులు పక్కవాళ్ళ వీపుల వెనక పెనవేసుకుంటాయి. బిందు కుడి చెయ్యి ఒకరి వెనక, ఎడమ చెయ్యి ఇంకొకరి వెనక చిక్కాయి. అడుగులు పాములా సాగాయి. ఆమె కళ్ళు మూసుకుని ఊగింది.

లోయలో రైలు కూత వినిపించింది.

బిందు కళ్ళు తెరిచింది. చెయ్యి లాక్కోబోయింది.

"ఏటి సేత్తన్నావు గుంటా?" అంది కనక, పట్టు బిగించి. "గొలుసులోకొచ్చిన సెయ్యి డప్పు ఆగేదాకా ఒదలం. మద్దిలో ఒదిల్తే ఊరికి కీడు."

బిందు పెనుగులాడింది, కనక భుజం కొరికింది. ఆ ముసలి పట్టు సడలలేదు. ఫల్గుణ గొలుసు వెనకగా వచ్చి, ఎడమ మణికట్టు నుంచి వాచ్ విప్పాడు. అప్పుడే రైలు చప్పుడు సొరంగంలోకి దూరి మందగించింది. అతను వాచ్‌ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. కాసేపటికి కొండ అవతల మళ్ళీ కూత వినిపించింది. డప్పు ఆగాక చెట్ల చాటున కాసుకుని ఉన్న కమాండోలు వచ్చి బిందును తీసుకుపోయారు. అప్పటికీ ఆమె పిడికిట్లో ఉంగరం అలాగే ఉంది.

ఫల్గుణ ఫోన్ చేశాడు.

"శభాష్," అంది అనురాధ. "ఉంగరం జాగ్రత్తగా తీసుకురా. పోస్ట్‌మార్టం రిపోర్టుకి జత చెయ్యాలి."

"ఎవరి పోస్ట్‌మార్టం?"

"నిన్న ఇంటరాగేషన్‌లో కుర్రాడి గుండె ఆగింది," అంది ఆవిడ, వాతావరణం చెప్పినట్టు. "నిజమని చెప్పి పంపితే నువ్వు నోరు తెరిచేవాడివా?"

తెరిచేవాడు కాదు. ఆ సంగతి బిందుకీ తెలుసు, అనురాధకీ తెలుసు. తెలియంది అతనొక్కడికే.

"మీది ఏ టైపు మేడమ్?"

"ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్ళని పరీక్షకి కూర్చోబెట్టరు ఫల్గుణా."

ఫోన్ పెట్టేసి ఫల్గుణ మీసం పీకేశాడు. ఆ రోజు అతను వెంట తెచ్చుకున్న వాటిలో నకిలీది అదొక్కటే.