తోక పట్టుకున్నావిడ

"ఆకు రాలితే గాలికి చెప్పు,
గాలి ఆగితే వాగుకు చెప్పు,
వాగు అడిగితే..."

వాగు అడిగితే ఏం చెప్పాలో నాయనమ్మకి గుర్తు రాలేదు. చిన్నప్పుడు గంతులేస్తూ పాడిన పాట. సగం నోట్లో నిలిచింది, మిగతా సగం ఎక్కడ జారిపోయిందో తెలియదు. మనవరాలు పిచ్చుక ఊరుకుంటేగా! "అడిగితే? అడిగితే ఏం చెప్పాలి నాయనమ్మా?" అని కొంగు పట్టుకుని ఊపేస్తోంది.

"అడిగినప్పుడు చూద్దాంలే. ముందు ఆ బూటు లేసు కట్టుకో, పడి మూతి పగలగొట్టుకుంటావు."

ఆ రోజు పిచ్చుక వాళ్ళ స్కౌట్ దళానికి ఆకులు రాలే కాలపు నడక. ఒక్కో కాలానికి ఒక్కో పని వాళ్ళకి. ఎండల్లో గుడారాలు ఉతికి ఆరేస్తారు. వానలకి ముందు మొక్కలు నాటుతారు. చలి ముదిరితే ఇల్లిల్లూ తిరిగి దుప్పట్లు పోగేస్తారు. ఆకులు రాలేటప్పుడు మాత్రం తోపు దాటి అవతల ఉన్న చెక్క గదిదాకా నడిచి, దారి ఊడ్చి, గదిలో పుల్లలు పేర్చి వస్తారు. ఏ పనికైనా పిల్లతోపాటు ఇంటికొక పెద్దమనిషి రావాలని కట్టడి. పెద్ద తోడు లేని పిల్లని గుమ్మం దాటనివ్వరు. పిచ్చుక నాన్నకి షిఫ్టు, అమ్మకి రొట్టెల దుకాణం. అందుకని ఎప్పుడూ నాయనమ్మే. "స్కౌటు నువ్వా, నీ మనవరాలా?" అని కొడుకు ఏడిపిస్తుంటాడు. ఆవిడ మురిసిపోతుంటుంది.

దళాన్ని నడిపేది ఒక బస్సు డ్రైవరు. పిల్లలకి డ్రైవర్ బాబాయ్. ఆయన కనిపెట్టిన ఉపాయమే నడక తాడు. పొడుగాటి తాడుకి మధ్యమధ్య రంగురంగుల గుడ్డ పిడులు కుట్టించాడు. ఒక్కో పిల్ల ఒక్కో పిడి పట్టుకుని వరసలో నడవాలి. ముందు కొస బాబాయ్ దగ్గర. పసుపు పిడి పిచ్చుకది, అన్నిటికన్నా చివరిది. దాని వెనక జానెడు తాడు, దానికో ముడి. అదే తోక. తోక ఎప్పుడూ ఒక పెద్దమనిషి చేతిలో ఉండాలి. బాబాయ్ ఈల వేసి ముందునుంచి ఒకసారి గుంజుతాడు. ఆ గుంజు చెయ్యీ చెయ్యీ దాటుకుంటూ తోకదాకా వస్తుంది. తోక పట్టుకున్నవాళ్ళు తిరిగి గుంజితే, వెనక అంతా క్షేమం అని.

తోక చేతులు మారాలంటే ఊరికే వదిలేయకూడదు. ఇచ్చేవాళ్ళు "తోక మీది" అనాలి. తీసుకునేవాళ్ళు "తోక నాది" అనాలి.

"బస్సు నడుస్తుంటే స్టీరింగు వదిలేసి టీకి వెళ్తామా? ఇదీ అంతే," అంటాడు బాబాయ్.

వెళ్ళేటప్పుడు తోక నాయనమ్మదే. దారంతా ఎండుటాకులు అప్పడాల్లా విరుగుతూ వచ్చాయి. చెక్క గది చేరాక పిల్లలు చీపుర్లు పట్టుకున్నారు, పెద్దవాళ్ళు పుల్లల మీద పడ్డారు. పిడులు కుట్టిన దర్జీ, ఆవిడ కొడుకు బొండాం, ఇంకా ఎవరెవరి అమ్మలో అత్తలో... ఒకటే గోల.

అక్కడ చూసింది నాయనమ్మ ఆవిడని మొదటిసారి. గళ్ళ శాలువా కప్పుకుని గది మూల కూర్చుంది. ఒళ్ళో పిచ్చుక. పిచ్చుక జుట్టులోంచి ఆకు ముక్కలు ఒక్కొక్కటే ఏరుతోంది.

"రండి వదినగారూ," అంది తలెత్తకుండానే.

ఎవరింటి పెద్దావిడో, వరస కలుపుకుంటోంది పాపం, అనుకుంది నాయనమ్మ. టీ ఇవ్వబోతే "తర్వాత" అంది. దగ్గరికి వంగినప్పుడు శాలువాలోంచి ఒక వాసన. చాలా కాలంగా కదలని బండని ఎత్తితే కింద తడిమట్టి వాసన వస్తుంది చూడండి, అది. అక్కడున్న అందరి చెప్పులకీ ఆకుల పొట్టు అంటుకుని ఉంది. ఆవిడ పాదాలు మాత్రం కడిగినట్టున్నాయి.

నాయనమ్మకి మనసులో ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకుంది. కానీ ముక్కూ మొహం తెలియని మనిషిని పట్టుకుని మీరెవరని ఎలా అడుగుతాం?

పుల్లలు పేర్చడం అయ్యేసరికి పొగమంచు దిగింది. గది ముందున్న చెట్లు ముందు బూడిద రంగుకి తిరిగాయి. తర్వాత లేకుండా పోయాయి.

"పొద్దు పోకముందే కదులుదాం. పిడులు పట్టుకోండర్రా!" బాబాయ్ కేకేశాడు.

నాయనమ్మ తోక అందుకుని లేవబోయింది. మోకాలు పట్టేసింది. పక్కనే గళ్ళ శాలువా.

"మీరు ముందుకెళ్ళండి వదినగారూ. మధ్యలో నడిస్తే ఎవరి భుజమైనా ఆసరా దొరుకుతుంది. తోక నేను పట్టుకుంటా."

"మీకెందుకు శ్రమ..."

"శ్రమేముంది. పిల్లలకోసమేగా."

కాదనడానికి నాయనమ్మకి మొహమాటం అడ్డొచ్చింది. "తోక మీ..." మాట ఇంకా పూర్తి కాలేదు.

"తోక నాది," అంది ఆవిడ.

*

నడక మొదలైంది. మధ్యలో దర్జీ పక్కన నాయనమ్మ. పక్క మనిషి భుజం తప్ప ఇంకేం కనిపించడం లేదు. ముందునుంచి ఈల వినబడింది. తాడు గుంజుకుంది. కాసేపటికి వెనకనుంచి జవాబు గుంజు వచ్చింది. మెత్తగా, తీరిగ్గా. అంతా క్షేమం.

"ఆ గళ్ళ శాలువా ఆవిడ ఎవరి తాలూకమ్మా?" ఊరికే అడిగినట్టు అడిగింది నాయనమ్మ.

దర్జీ నవ్వింది. "భలేదానివి పిన్నీ! నన్నడుగుతావేంటి? మీ వియ్యపురాలే కదా?"

"మా వియ్యపురాలా?"

"పొద్దుటినుంచీ మీ పిచ్చుకని వదల్లేదుగా. అమ్మమ్మ అనుకున్నాం అందరం. నీ వెనకాలే వచ్చింది మరి, దారంతా."

"నా వెనకాలా?"

నాయనమ్మ కాళ్ళు ఆగిపోయాయి. వచ్చేటప్పుడు తోక పట్టుకున్నది తను. తోక వెనక ఎవరూ ఉండకూడదు. పైగా తన అసలు వియ్యపురాలు మాట్లాడితే నాలుగిళ్ళకి వినిపిస్తుంది, ఈవిడేమో...

"ఏమైంది పిన్నీ?"

"ఏం లేదు. పిచ్చుకని చూసొస్తా."

తాడు పట్టుకుని వెనక్కి నడిచింది. ఒక్కో పిల్ల చెయ్యీ తడుముకుంటూ వెళ్ళింది. నీలం పిడి. చెయ్యి ఉంది. ఎర్ర పిడి. చెయ్యి ఉంది. ఆకుపచ్చది బొండాంది. "వరస తప్పకూడదు నాయనమ్మా, బాబాయ్ తిడతాడు," అన్నాడు వాడు ముక్కు ఎగబీలుస్తూ. వాడి తల నిమిరి ముందుకు... కాదు, వెనక్కి సాగింది. అసలు ఏది ముందో ఏది వెనకో ఆ మంచులో తెలియడం లేదు. తాడొక్కటే దారి.

పసుపు పిడి.

చిన్న చెయ్యి. వెచ్చగా ఉంది. "పిచ్చుకా?"

"ఊఁ."

నాయనమ్మకి ప్రాణం లేచొచ్చింది. వంగి చెవిలో అడిగింది. "నీ వెనక ఎవరున్నారమ్మా?"

"అమ్మమ్మ. అలా పిలవమంది."

"ఇంకా?"

"పిల్లలు."

"ఏ పిల్లలు? నువ్వే కదే ఆఖరు!"

"వాళ్ళ దళం నాయనమ్మా. వాళ్ళకి ఇళ్ళనుంచి పెద్దవాళ్ళెవరూ రాలేదట. అందుకని వాళ్ళని ఎవరూ తీసుకెళ్ళలేదట. చాలా రోజులైందట."

నాయనమ్మ పిచ్చుకని దాటి చెయ్యి చాపింది. జానెడు తాడు, ఆ తర్వాత ముడి ఉండాలి.

ముడి లేదు. తాడు బిగుతుగా ఉంది. ఇంకా ముందుకు తడిమింది. వేళ్ళకి ఒక గుడ్డ పిడి తగిలింది. దర్జీ కుట్టింది కాదు అది. ముతక గుడ్డ, నానిపోయి ఉంది. దాని తర్వాత ఇంకొకటి. ఆ పిడి మాత్రం వెచ్చగా ఉంది. ఎవరో ఇప్పుడే వదిలినట్టు...

చెయ్యి వెనక్కి లాక్కుంది.

"పిచ్చుకా, పిడి వదిలెయ్. నన్ను పట్టుకో."

"రావట్లేదు నాయనమ్మా."

"ఏది రావట్లేదు?"

"చెయ్యి."

పసుపు గుడ్డ పిల్ల మణికట్టు చుట్టూ మెలిపడి ఉంది. నాయనమ్మ గోళ్ళతో లాగింది. పళ్ళతో కొరికింది. రాయిలా ఉంది గుడ్డ. పిచ్చుక ఏడవడం లేదు. అది చూసి నాయనమ్మకి ఇంకా భయమేసింది.

ఆగింది. ఊపిరి పీల్చుకుంది. ముందు కొస బాబాయ్ దగ్గరుంది. తోక తన చేతికొస్తే వెనకనుంచి లాగేవాళ్ళు ఉండరు. అలాగే నడుచుకుంటూ దీపాలున్న చోటికి చేరితే దర్జీ దగ్గర కత్తెర ఉంది. అంతే. అంతే చెయ్యాలి.

మంచులోకి మొహం తిప్పి అంది. "తోక ఇటివ్వండి."

ఆకులైనా చప్పుడు చెయ్యలేదు.

"ఆ పిల్ల మాది. ఆ తోక నాకివ్వండి వదినగారూ, మీకు దణ్ణం పెడతాను."

వెనక తాడు వదులైంది. నేలమీద ఏదో పాకినట్టు జరజరా దగ్గరికొచ్చింది. ముడి వచ్చి నాయనమ్మ అరచేతిలో పడింది. చల్లగా, తడిగా.

"తోక నాది," అంది నాయనమ్మ గబగబా. "తోక నాది... తోక నాది."

పిచ్చుకని నడుముకి హత్తుకుంది. ఇక నడవడమే. ధైర్యం చెబుదామని ముందున్న బొండాం వీపు తట్టబోయింది.

చేతికి మంచే తగిలింది.

అప్పుడు ఈల వినబడింది. బాబాయ్ ఈలే. కానీ ముందునుంచి కాదు. ఎడమవైపునుంచి, ఎక్కడో చాలా దూరంనుంచి. దాని వెంటే ఆయన కేక, దర్జీ కేక. "పిన్నీ! పిచ్చుకా! ఎక్కడున్నారు?"

నాయనమ్మ నోరు తెరిచింది.

చేతిలో తాడు ఒకసారి గుంజుకుంది. ముందునుంచి. పిచ్చుక ఒక అడుగు వేసింది.

తడిమట్టి వాసన చెవి పక్కకి వచ్చింది. ఆవిడ ఎంతో ఆప్యాయంగా, వినీ వినబడనట్టు అంది.

"తోక మీరే ఉంచుకోండి వదినగారూ. ముందు కొస మా పిల్లలు పట్టుకున్నారులే."